అచ్చుకెక్కని అర్థం

చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాడికి నిఘంటువు ఆఫీసులో పని దొరకడం అంటే మాటలు కాదు. ఓరిన్ టెబెట్స్‌కి దొరికింది. ఇరవై రెండేళ్ళుగా చీటీలు రాస్తున్నాడు. పత్రికలు, పుస్తకాలు చదవడం, ఎక్కడైనా ఒక మాటను కొత్తగా వాడితే ఆ వాక్యాన్ని అరచెయ్యంత చీటీ మీదకి ఎక్కించడం, కింద పత్రిక పేరు, తేదీ, పేజీ వేసి సొరుగులో పెట్టడం. ఆ చీటీలు ముందేసుకుని అర్థాలు రాసేవాళ్ళు వేరే. వాళ్ళు కాలేజీలు చదివినవాళ్ళు. వాళ్ళ బల్లలు కిటికీల పక్కన ఉంటాయి.

1958లో, న్యూహాంప్‌షైర్‌లో నది పక్కనున్న ఆ ఇటుక మేడలో కొత్త కూర్పు పని జోరుగా సాగుతోంది. అర్థాలు రాసే బర్డెట్ అనే ఆయన గుండెజబ్బుతో మంచం పట్టాడు. ప్రధాన సంపాదకుడు థేయర్ వేరే దారిలేక 'రన్' అనే మాటను ఓరిన్‌కి అప్పగించాడు. దానికి దగ్గరి మాటలేవో, వాటి తేడాలేవో చెప్పే పర్యాయపదాల పేరా శుక్రవారానికి సరిగా వస్తే కిటికీ పక్క బల్ల ఓరిన్‌ది. రాకపోతే కింద గోదాములో అట్టపెట్టెలు కట్టుకోవాలి.

చూడ్డానికి వేలెడంత మాట. మనిషి పరుగెత్తినా అదే, ముక్కు కారినా అదే, ఆడవాళ్ళ మేజోడులో పోగు జారినా అదే, ఎన్నికల్లో నిలబడినా అదే. మూడు వేల చీటీలు. ఓరిన్ బల్ల నిండా కుప్పలు పోశాడు. ఏ కుప్పకి ఏ పర్యాయపదం అతుకుతుందో, ఎక్కడ అతకదో తేల్చాలి. దుకాణాన్ని 'మేనేజ్' చేస్తారు, రంపం మిషన్ని చెయ్యరు. మిషన్ని 'ఆపరేట్' చేస్తారు, ఇంటిని చెయ్యరు. 'రన్' మాత్రం ఏ ఇంటికి తీసుకెళ్ళినా ఇమిడిపోయే కోడలు. ఈ తేడాలు రాయడం అతనికి కష్టం కాలేదు. చిక్కు వేరేచోట వచ్చింది.

అతని తల్లి కాగితం మిల్లులో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక కూడా ఆమె వేళ్ళు వాటంతటవే కదిలేవి, లేని కాగితాల అంచులు సర్దుతున్నట్టు. మిల్లు వాడలో దానికి ఒకటే మాట. "రన్ పట్టుకుందిలే" అనేవాళ్ళు. వణుకు కాదది. వణుకు రోగం. ఇది ఇంటికొచ్చినా ఒంట్లోంచి దిగని పని. ఇంకే మాటా దాని బదులు చెల్లదు. కానీ మూడు వేల చీటీల్లో ఈ అర్థానికి ఒక్క చీటీ లేదు. ఎందుకుంటుంది? మిల్లు ఆడవాళ్ళ మాటలు ఎవడు అచ్చేశాడు గనక?

అచ్చులో సాక్ష్యం లేకపోతే అర్థమే లేదు. అదీ ఆఫీసు కట్టుబాటు. చెవులతో విన్నానంటే చెల్లదు.

మంగళవారం ఓరిన్ ఆ అర్థానికి ఓ చీటీ పుట్టించాడు. వాక్యం తల్లి పక్కింటావిడ అన్నదే, ఒక్క ముక్క మార్చలేదు. కింద మాత్రం 'బార్న్‌వెల్ బులెటిన్, 1921 మార్చి 9, పేజీ 4' అని వేశాడు. ఆ పత్రిక మూతపడి ముప్ఫై ఏళ్ళు. పాత ప్రతులన్నీ వరదకి కొట్టుకుపోయాయని ఊళ్ళో అనుకుంటారు.

మర్నాడు పేరా, చీటీల కట్టా రెండూ వాటిని సరిచూసే హెస్టర్ క్రౌల్ దగ్గరకి వెళ్ళాయి. హాల్లో ఎవరూ నోరు విప్పకూడదు. ఏదైనా చెప్పాలంటే కాగితం ముక్క మీద రాసి పంపాలి, మాట్లాడాలంటే మెట్ల దగ్గరకి పోవాలి. మధ్యాహ్నం హెస్టర్ మెట్ల మీద సిగరెట్ ముట్టించి అతన్ని పిలిచింది.

"టెబెట్స్ గారూ, ఇంత విద్య ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?"

"దాచుకోడానికి మీకు డిగ్రీలున్నాయి తల్లీ. మాకేం ఉంది."

ఆమె నవ్వింది. అన్నిటికన్నా ఆ మిల్లు అర్థం తనకి నచ్చిందంది. దానికి ముందూ వెనకా వాక్యాలు కూడా కావాలంది.

"బులెటిన్ పాత ప్రతుల బైండ్లు పట్నం లైబ్రరీలో ఉన్నాయట. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నా."

వరద మాట అబద్ధమన్నమాట. ఓరిన్ ఏదో గొణిగి లోపలికొచ్చేశాడు.

గురువారం అతని పెన్ను కదల్లేదు. చీటీ కాజేద్దామంటే అది ఆమె సంచిలో బస్సెక్కింది. తేదీ తప్పు పడిందందామంటే ఆమె ఆ సంవత్సరమంతా తిరగేసే రకం. గోదాము గురించి బెంగ పదకొండు గంటల దాకానే. గోడ పొడవునా ఉన్న సొరుగులు కంటపడ్డాక దాన్ని మించింది పట్టుకుంది. వాటిలో నలభై వేల చీటీలు అతని చేతిరాతే. వాటిని నమ్మే పోయిన కూర్పు అచ్చయింది. ఒక్క చీటీ దొంగదని తేలితే మిగతావాటిని ఎవరు నమ్ముతారు? ఇరవై రెండేళ్ళలో మంగళవారం దాకా ఒక్క కామా కల్పించలేదు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

మూడింటికి హెస్టర్ తిరిగొచ్చింది. అతనివైపు చూడకుండా కూర్చుని ఏదో రాసి పంపింది.

'ఆ పేజీలో పందుల ధరలున్నాయి. ఆ నెల ప్రతులన్నీ వెతికాను. తేదీ పొరపాటా? రేపటిదాకా ఎవరికీ చెప్పను.'

జాలిపడి తప్పుకునే దారి తెరిచిపెట్టింది. 'పొరపాటే, చీటీ వెనక్కి తీసుకుంటున్నా' అని రాస్తే సరిపోతుంది. రాశాడు కూడా. తలెత్తి చూస్తే హెస్టర్ సొరుగుల వైపు చూస్తోంది. 'ఎ' అక్షరం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే. ఓరిన్ ఆ కాగితం నలిపేసి థేయర్ బల్ల దగ్గరకి నడిచాడు. కాగితం మీద రాయలేదు. నోటితోనే చెప్పాడు.

"ఆ మిల్లు చీటీ నేను పుట్టించాను. మాట నిజం. పత్రిక అబద్ధం."

హాల్లో పాతిక తలలు లేచాయి. థేయర్ కళ్ళద్దాలు తీసి మెల్లగా అడిగాడు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"అదొక్కటే అయ్యా."

"దానికి సాక్ష్యం ఏది, టెబెట్స్?"



ఉద్యోగం తీసెయ్యలేదు. తీసేస్తే సంగతి బయటికి పొక్కుతుంది, పుస్తకం పరువు పోతుంది. పేరా బాగుంది కాబట్టి బర్డెట్ పేరు మీద అచ్చుకి పంపారు, మిల్లు అర్థం కొట్టేసి. ఓరిన్ చీటీలు మొత్తం అసలు పత్రికలతో పోల్చి చూడాలన్నారు. ఆ పని ఓరినే చెయ్యాలి, పక్కన హెస్టర్. ఎన్నేళ్ళయినా సరే.

సోమవారం పట్నం లైబ్రరీలో హెస్టర్ మొదటి చీటీ తీసింది. 'అబాండన్', 1936, పేజీ 7. ఓరిన్ బైండు విప్పాడు. ఆ వాక్యం ఎక్కించుకున్న రోజు అతనికి బాగా గుర్తే. అయినా ఆరో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"తిప్పండి" అంది హెస్టర్.

తిప్పాడు. మూడో వరసలో ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఆమె టిక్కు పెట్టి రెండో చీటీ తీసింది. ఓరిన్ మళ్ళీ ఊపిరి బిగబట్టాడు.