ఖాళీ ట్రిప్పు

తర్లుపాడు దాటి మట్టిదారి పట్టగానే ట్యాంకరు డబడబ మోగింది. నిండుదైతే ఇంత మోత ఉండదు. మెడ చుట్టూ తడి తువ్వాలు, నూనె మరకల ఖాకీ చొక్కా, ఎండకు చికిలించుకున్న కళ్లు. ఆదిశేషు ట్రాక్టరు నడుపుతున్నాడు. పొద్దున నీళ్లతో ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఖాళీగా ఇంకో ట్రిప్పు. వేసవంతా ఇదే వరస. సర్కారు బిల్లు మాత్రం రెండింటికీ వస్తుంది. ఆ మిగులును కాంట్రాక్టరు ఉమామహేశ్వర్లు, నీటి సరఫరా ఆఫీసువాళ్లు కలిసి పంచుకుంటారు. మోసం జరగకూడదని బండికి జీపీఎస్ డబ్బా కూడా బిగించారు. కంచే చేను మేస్తుంటే కాపలాకు దిష్టిబొమ్మను నిలబెట్టినట్టుంది వ్యవహారం. ఎదురు చెబితే ఉద్యోగం పోతుందని, ఇంట్లో భార్య కోటిరత్నానికి ఇన్సులిన్ ఉండదని ఆదిశేషుకు తెలుసు.

పల్లెలో ఆడవాళ్లు బిందెలతో ట్యాంకరు పక్కన నిలబడ్డారు, బిల్లుకు పెట్టే ఫొటో కోసం. నిలబడకపోతే పొద్దుటి నీళ్లు కూడా రావని వాళ్లను బెదిరించింది ఆదిశేషే. ఉమామహేశ్వర్లు చెప్పమన్నాడు, చెప్పాడు. ఎప్పుడూ ముందుండే మణెమ్మ ఇవాళ వరసలో లేదు. గొర్రెలు కాసుకునే ముసలామె. బిందె ఒళ్లో పెట్టుకుని గోడ నీడన కూర్చుని ఉంది.

"పొద్దున పట్టిన నీళ్లు గొర్లకు పోసినా నాయనా, నాకు మిగల్లేదు. కాళ్లు వణుకుతుండాయి. కూచునే ఉంటా, అట్లనే తీసుకోగూడదా ఫొటో?"

ఆదిశేషుకు చచ్చేంత సిగ్గేసింది. ఫోను జేబులో పెట్టుకుని, తన సీసాలోని నీళ్లు ఆమెకు తాగించాడు. బండి తిప్పి, దారిలో తెలిసిన రైతును బతిమాలి, అతని బోరు దగ్గర ట్యాంకరు నింపుకుని మళ్లీ పల్లెకు వచ్చాడు.

మణెమ్మ ఇంటి ముందున్న డ్రమ్ములో పైపు వేస్తుండగా ఆదిశేషు ఫోను మోగింది. ఉమామహేశ్వర్లు గొంతు పెంచలేదు.

"ఇన్నాళ్లు ఖాళీగా తిరిగినావు, ఒక్కరూ అడగలా. ఈపొద్దు బోరు కాడ ఆగినావని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నీతో ఇంక కుదరదు ఆదిశేషూ. బండి మార్కాపురంలో పెట్టి, తాళం ఆడనే ఇచ్చిపో."

"అట్లనేలే అన్నా," అన్నాడు ఆదిశేషు.

ట్యాంకరు అడుగంటేదాకా అందరికీ నీళ్లు పట్టాడు. ఇంట్లో కోటిరత్నానికి ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. సాయంత్రం మార్కాపురంలో బండి నిలిపి, తాళం ఇచ్చేసి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త డ్రైవరు వచ్చి ఫోను పైకెత్తాడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వరసగా నిలబడ్డారు. మణెమ్మ కూడా నిలబడింది. ఆమె ఇంటి ముందు, ఆదిశేషు మరిచిపోయిన పచ్చ పైపు ఒక కొస డ్రమ్ము నీళ్లలో, ఇంకో కొస మట్టిలో అట్లాగే పడి ఉంది.