తుపాకాయన

తుపాకీని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, పాత బనీను ముక్కను నూనెలో తడిపి, గొట్టాల మీద పైనుంచి కిందికి తుడుస్తున్నాడాయన. పొద్దున లేస్తే ఇదే పని. మొహం కడుక్కోవడమైనా ఒక రోజు మరిచిపోతాడేమో గానీ తుపాకీకి నూనె పెట్టడం మరిచిపోడు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు గొట్టాలూ తళతళలాడాలి. చెక్క మీద గీత కనిపిస్తే వేలితో నూనె అద్దాలి. చివరికి కిటికీ వైపు తిరిగి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు గానీ లేవడు.

భార్య వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. తుపాకీ ఆయన ఒళ్లో ఉన్నంతసేపూ ఆవిడ ముందుగదిలోకి అడుగు పెట్టదు. అది గోడమేకుకు వేలాడుతుంటే కూడా ఆ గోడ పక్కన చీపురు ఆడించదు. ఆ మేర దుమ్ము తుడవాల్సింది ఆయనే.

"అయిందా నా సవతి ముస్తాబు?" అంది.

"అయింది. నీకంటే నయం, నోరెత్తదు."

పెళ్లయిన కొత్తలో మొదలైన ఎకసెక్కం అది. నవ్వుకోవడం ఎప్పుడో మానేశారు, మాటలు మాత్రం మిగిలాయి. ఇవాళ ఆవిడ దానితో ఊరుకోలేదు.

"అమ్మాయి ఫోన్ చేసిందండీ. అల్లుడికి బదిలీ అయిందట. ఎక్కడికో దూరం, ఇక ఇప్పట్లో రావడం కుదరదట. వెళ్లేముందు పిల్లాణ్ణి తీసుకుని నాలుగు రోజులు ఉండి పోతానంటోంది."

"రమ్మను. వద్దన్నదెవరు?"

"తుపాకీ ఇంట్లో ఉంటే గడప తొక్కదట. ఏ సంగతైనా ఇవాళే చెప్పమంది. ఏమండీ, పిల్లాడికి నడక కూడా వచ్చేసింది. ఫోన్లో చూడడం కూడా ఒక చూడడమేనా? నాలుగంటే నాలుగు రోజులు దాన్ని కొట్లోనే పెట్టి రాకూడదూ?"

ఆయన లేచాడు. తుపాకీని భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బా సంచీ రెండో చేత్తో పట్టుకున్నాడు. భార్య గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చింది.

కూతురి పంతానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఒకసారి కుర్చీ ఎక్కి ఆ తుపాకీని దింపింది. తూటాలు పెట్టేటప్పుడు తెరిచినట్టు మధ్యకు విరిచి, గొట్టాల్లోకి తొంగి చూడబోయింది. సరిగ్గా అప్పుడే ఇంట్లోకి వచ్చిన తండ్రి కొట్టిన దెబ్బకు ఆ పసిదాని చెవి వాచిపోయింది. పిల్ల ప్రాణం మీద తీపితో కొట్టాడనుకున్నారు అందరూ. భార్య కూడా అలాగే అనుకుని, పిల్లనే నాలుగు తిట్టింది. అసలు సంగతి వేరు. చూసిందంటే గొట్టాలు ఖాళీ అని పిల్లకు తెలిసిపోతుంది. పిల్లకు తెలిస్తే వీధికి తెలుస్తుంది. అందుకు కొట్టాడు, మహానుభావుడు.

అవును, ఆ తుపాకీలో తూటాల్లేవు. ఏళ్ల తరబడి లేవు. తండ్రి పోయాక లైసెన్సుతో సహా అది ఈయన చేతికొచ్చింది. దాన్ని చూసే బంగారం కొట్టు యజమాని ఈయనను కాపలాకు పెట్టుకున్నాడు. తుపాకీ లేకపోతే ఈ మనిషిని గుమ్మం తుడవడానికి కూడా పెట్టుకునేవాడు కాదు, ఆ మాట మొహాన్నే అన్నాడు. చేరిన కొత్తలో ఒకసారి అది చేజారి నేల మీద దభీమని పడింది. అద్దాల బీరువాల మధ్య యజమాని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజే తూటాలన్నీ లాక్కుని ఇనప్పెట్టెలో పడేశాడు.

"నాకు కావలసింది తుపాకీ, తూటాలు కాదు. జనం చూసి జడిస్తే చాలు. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. మూడో మనిషికి తెలిసిన రోజున నీకు సెలవు" అన్నాడు.

ఆయన బతుకుజీవుడా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నిండు తుపాకీ అంటే ఆయనకే వణుకు. ఖాళీదైతే హాయి. పైగా చూసేవాళ్లకు తేడా ఏం తెలుస్తుంది? బస్సెక్కితే పక్కవాళ్లు సర్దుకుని చోటిచ్చారు. టీ బడ్డీ దగ్గర గొడవ పడుతున్న కుర్రాళ్లు ఆయనను చూసి గొంతు తగ్గించారు. పేరు పోయి తుపాకాయన అయ్యాడు. తర్వాత పెళ్లయింది. ఒకనాడు భార్యతో మాటా మాటా పెరిగినప్పుడు, ఏదో ఆలోచిస్తూ మేకు వైపు చూశాడు. అంతే, ఆవిడ ఠక్కున నోరు మూసేసింది. ఆ కిటుకు ఆయనకు నచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఆయన గొంతు పెంచాల్సిన అవసరమే రాలేదు, అటు చూస్తే సరిపోయేది.

ఆ రోజు కూడా బస్సులో ఎవరో లేచి చోటిచ్చారు. ఎందుకో ఎడమ భుజం లాగుతోంది. తుపాకీని కుడి భుజానికి మార్చుకున్నాడు.

కొట్టు తెరిచి, గుమ్మం పక్కన స్టూలు వేసుకునే ముందు, ఆయన యజమాని గల్లా దగ్గరకు వెళ్లాడు. యజమాని ఉంగరాల అట్టను గుడ్డతో తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"అయ్యగారూ, చిన్న మనవి. నాలుగు రోజులు దీన్ని రాత్రిపూట ఇక్కడే పెట్టి వెళ్తానండీ. మా అమ్మాయి, మనవడు వస్తున్నారు. పసివాడు కదా..."

"లైసెన్సు నీ పేర ఉంటే సరుకు నా కొట్లో పెడతావా? పోలీసులొస్తే లోపలేసేది నన్ను. కుదరదు."

"పోనీ, ఇంట్లోవాళ్ల వరకైనా చెప్పుకోనా అండీ? అందులో ఏం..."

యజమాని గుడ్డ పక్కన పడేసి, కౌంటరు మీద నగలు సర్దుతున్న అమ్మాయి వింటోందేమోనని చూసి, గొంతు తగ్గించాడు.

"మీ ఆవిడకు చెబితే మైకులో చెప్పినట్టే. చెప్పుకో, నీ ఇష్టం. రేపటినుంచి ఇంట్లోనే కూర్చుని మనవణ్ణి ఆడించుకుందువు గాని. తుపాకీ ఉన్నవాడు నువ్వొక్కడివే అనుకుంటున్నావేమో!"

ఆయన స్టూలు మీదకొచ్చి కూర్చున్నాడు. కార్లు వస్తుంటే లేచి తలుపు తీశాడు, నమస్కారం పెట్టాడు, మళ్లీ కూర్చున్నాడు. నమస్కారానికి బదులిచ్చిన వాళ్లు లేరు. వాళ్ల చూపు ఒళ్లోని తుపాకీ మీద పడి, గౌరవంగా పక్కకు తప్పుకునేది. ఇన్నాళ్లూ ఆ గౌరవం తనదేననుకున్నాడు. ఇవాళ మొదటిసారి, అందులో తన వాటా ఎంత అని అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచాడు గానీ రెండు ముద్దలు కూడా దిగలేదు. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. తిన్నది అరగలేదనుకున్నాడు. సంచీలోంచి ఫోన్ తీసి భార్యకు చేశాడు.

"అమ్మాయిని ఇవాళే రమ్మను."

"మరి తుపాకీ?"

"సాయంత్రం ఇంటికొచ్చి చెప్తాను. ముందు దాన్ని రమ్మనవే."

"నిజంగానా? అది నమ్మదండీ. మీ మీద ఒట్టేసి చెప్పమంటారా?"

"వేసుకో" అన్నాడు. అవతల ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని చాలాకాలమైంది. ఫోన్ పెట్టేశాక ఆయన కూర్చుని ఆలోచించాడు. చెప్పేయాలి. దాన్ని విరిచి ఆవిడ చేతికిచ్చి, చూసుకోమనాలి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది, ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లూ ఏమీ లేనిదానితో బెదిరించాడని తెలిశాక ఆవిడ ఏమంటుంది? ఏ మొహం పెట్టుకుని ఆవిడ ముందు కూర్చోవాలి? ఆలోచించి ఆలోచించి చివరికి, మనవడు ఒళ్లోకొస్తే ఆ తిట్లన్నీ పడొచ్చులే అనుకున్నాడు. మనసు కాస్త కుదుటపడింది.

ఎండ తగ్గాక కొట్టు నిండింది. కౌంటరు దగ్గర ఒక కాంట్రాక్టరు గొలుసులు చూస్తున్నాడు. నడుముకు పిస్తోలు పెట్టుకోవడం, చొక్కా ఎత్తి అది కనిపించేలా సర్దుకోవడం ఆయనకు అలవాటు. పక్కన ఒక నర్సు భర్తతో కలిసి గాజులు చూస్తోంది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది కాబోలు, ఒంటి మీద ఇంకా తెల్లబట్టలే ఉన్నాయి. ఆవిడకు పిస్తోలు కనిపించింది.

"ఇలాంటివి జనం మధ్యకు ఎందుకు తెస్తారండీ? తూటా తగిలినవాళ్లకు కట్లు కట్టేది మేము" అంది.

"అందుకే ఇంటికొకటి ఉండాలమ్మా. అందరి దగ్గరా ఉంటే ఎవడూ ఎవడి జోలికీ పోడు. ఈ తుపాకాయన లేకపోతే మీరింత నిశ్చింతగా గాజులు చూసేవారా?"

"ఆయన చేతిలో అదున్నందుకే నాకు నిశ్చింత లేదు. ఎప్పుడు ఎటు పేలుతుందో!"

"ఏమయ్యా తుపాకాయనా, నువ్వు చెప్పు. ఎవరిది రైటు?"

తుపాకాయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయి, ఎడమ చేయి గుండెను పట్టుకుంది. స్టూలు మీంచి జారి, గుమ్మానికి వీపు ఆనించి, నేల మీద కూలబడ్డాడు. తుపాకీ ఒళ్లోనే ఉండిపోయింది. వేలు ట్రిగ్గరు దగ్గర చిక్కుకుంది. గొట్టాలు తిన్నగా కొట్టు లోపలికి చూస్తున్నాయి.

కౌంటరు అమ్మాయి "అయ్యో బాబాయ్!" అంటూ పరిగెత్తబోయింది. యజమాని జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగు! వేలు దాని మీదే ఉంది!"

ఆ మాటతో జనం బీరువాల వెనక్కి చేరారు. అందరికంటే ముందు నేల మీద పడుకున్నది కాంట్రాక్టరు. నర్సు తుపాకాయనను చూస్తూనే గుండె నొప్పి అని గుర్తుపట్టింది. "నన్ను వెళ్లనివ్వండి, ఆలస్యమైతే పోతాడు" అంటూ భర్త చేయి విదిలించుకుని రెండడుగులు వేసింది. గొట్టాల ఎదురుగా వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి.

"అందులో తూటాలున్నాయా?" అని యజమానిని అడిగింది.

కొట్టంతా యజమాని మొహంలోకి చూసింది. కింద కూలబడిన మనిషి కూడా చూశాడు. ఒక్క మాట. తూటాలు లేవమ్మా, వెళ్లు. అంతే చెప్పాలి. యజమాని కళ్లు అద్దాల బీరువాల మీదుగా, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అయిన అన్ని మొహాల మీదుగా ఒకసారి తిరిగొచ్చాయి.

"బంగారం కొట్టు కాపలా అమ్మా! ఉండవా మరి?" అన్నాడు.

నర్సు వెనక్కి వెళ్లింది.

తుపాకాయన ఆ అడుగులు విన్నాడు. తానే తుపాకీని పక్కకు నెట్టేస్తే సరి అనుకున్నాడు. మోచేత్తో నెట్టాడు. గొట్టాలు అటు నుంచి ఇటు తిరిగేసరికి కెవ్వుమని కేకలు లేచాయి. ఎవరో "పేలుస్తున్నాడు!" అని అరిచారు. ఆయన భయపడి చేయి ఆపేశాడు. చెప్పాలి. నాలుక బండబారిపోయింది. గుండెలో మిగిలిన ఊపిరితో ఒక్క మాట వస్తుందేమో, అంతే. ఖాళీ అన్నా సరిపోయేది. కానీ ఏళ్ల తరబడి ఆ మాటను మింగి మింగి, గొంతుకు అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అయ్యగారూ..."

"కదలకయ్యా! పోలీసులకు ఫోన్ చేశాం" అన్నాడు యజమాని.

కౌంటరు అమ్మాయి మాత్రం ఉండలేకపోయింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి నేల మీద పెట్టి, బీరువా చాటున కూర్చుని, తడిగుడ్డ కర్రతో దాన్ని ఆయన వైపు మెల్లగా నెట్టింది. కర్ర పొడవు చాలలేదు. గ్లాసు మధ్యలో ఆగింది. ఆయన దాని వైపు చూశాడు. ఆ తర్వాత అలా చూస్తూనే ఉండిపోయాడు. పోయాడని చాలాసేపు ఎవరికీ తెలియలేదు.

పోలీసులు వచ్చారు. ఒక కానిస్టేబులు గోడ వెంబడి నక్కుతూ వచ్చి, వేలు విడదీసి, తుపాకీ లాక్కుని మధ్యకు విరిచాడు. గొట్టాలు చూసి మొహం చిట్లించాడు.

"ఇందులో ఏమీ లేవు కదయ్యా!"

నర్సు చేతులతో మొహం కప్పుకుంది. అందరూ తన వైపు తిరిగేలోపే యజమాని నెత్తి కొట్టుకున్నాడు.

"చూశారా ద్రోహం! తూటాలు అమ్ముకు తిన్నాడన్నమాట! ఇన్నాళ్లూ నా ఉప్పు తిని, ఖాళీ గొట్టంతో నన్ను మోసం చేశాడు!"

అదంతా విన్నది భార్య. కౌంటరు అమ్మాయి ఫోన్ చేస్తే, కట్టుకున్న చీరతో అలాగే పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడింది. భర్తను చూసింది. తర్వాత కానిస్టేబులు దగ్గరకు నడిచింది.

"ఇటివ్వండి బాబూ."

జీవితంలో మొదటిసారి ఆవిడ ఆ తుపాకీని ముట్టుకుంది. విరిచిన గొట్టాలను కంటికి ఆనించుకుంది. అవతల వీధి కనిపించింది. బస్సు ఆగి ఉంది, ఎవరో ఎక్కుతున్నారు.

"దీనికా నేను వణికి చచ్చింది?" అంది. గొంతు పెంచలేదు. "ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయిందండీ? నా పిల్ల చెవి వాచేలా కొట్టింది దీనికా? నా మనవణ్ణి నా ఒళ్లో పడనివ్వంది ఈ ఇనప గొట్టమా?"

జవాబు చెప్పాల్సిన మనిషి గుమ్మానికి ఆనుకుని అలాగే ఉన్నాడు. ఆవిడ చేతి సంచీలో ఫోన్ మోగుతోంది. బస్సు దిగాను, ఇంటికి తాళం వేసి ఉందేమిటని అడగడానికి కూతురు చేస్తోంది. ఆవిడ తీయలేదు. అప్పుడు గానీ ఏడుపు రాలేదు. వచ్చాక మాత్రం ఆవిడను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

శవాన్ని తీసుకెళ్లారు. తుపాకీని పోలీసులు తీసుకెళ్లారు. కాంట్రాక్టరు చొక్కా దులుపుకుని, తనకు తెలిసిన తుపాకీ మనిషి ఒకడున్నాడని, నిఖార్సయినవాడని, రేపే పంపిస్తానని యజమానికి మాటిచ్చాడు. దీపాలు పెట్టే వేళకు కొట్లోకి మళ్లీ జనం వచ్చారు. తలుపు ఎవరికి వారే తీసుకుని, నేల మీద చూసుకుంటూ పక్కనుంచి తప్పుకుని లోపలికి నడిచారు. గుమ్మానికి ఇవతల, చేయి చాస్తే అందనంత దూరంలో, ఆ నీళ్ల గ్లాసు అంచు దాకా నిండి అలాగే ఉంది.