ముందున్నవాళ్ళ నేల

తారుకాచి ఊరి కొండవాలు మీదికి ఆ బల్లను మోసుకొచ్చింది ఊరివాళ్ళే. గాలికి పెదాలు పగిలిపోతున్నా నలుగురు మగాళ్ళు రెండు రోజుల నడక దూరంలో ఉన్న కింది పేట నుంచి భుజాల మీద మోశారు. ఆ బల్ల మీదే తమ నేల పోతుందని వాళ్ళకేం తెలుసు? పట్నం నుంచి అధికారి వస్తున్నాడు, ఎవరి నేల ఎవరిదో రాసుకుపోతాడు అన్నారు. మంచిదే కదా అనుకున్నారు. పైగా ఆయనకు ఉడకబెట్టిన దుంపలు, జున్నుముక్క పెట్టి మర్యాద కూడా చేశారు.

అధికారి పక్కన దుబాసీ కాలిక్స్తో నిలబడ్డాడు. పేటలో సారాకొట్టు వాడి కొడుకు. ఊరివాళ్ళు మాట్లాడే ఐమారా వాడికి కొట్లో బేరాలకు సరిపడా వచ్చు.

"ఏం ముసలోడా, ఈ నేలెవరిదని అడుగుతున్నారు దొరగారు."

ఊరిపెద్ద పోన్సియానో తాత టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. ఎదురుగా ఉన్న పాత రాతి సమాధుల వైపు చెయ్యి చాచాడు.

"ముందున్నవాళ్ళదయ్యా. వాళ్ళని చూసుకుంటూనే దున్నుకుంటున్నాం."

ఐమారాలో గడిచిన కాలం మనిషికి ముందుంటుంది. చూసేశాం కనక అది కళ్ళెదుటే ఉంటుంది. రేపన్నది వీపు వెనక ఉంటుంది, ఎవరికీ కనపడదు కనక. తాతముత్తాతలంటే ముందున్నవాళ్ళే. ఊళ్ళో పాకే పిల్లకైనా తెలిసిన సంగతి ఇది. కాలిక్స్తోకు తెలియదో, తెలిసే నాటకమాడాడో, వాడు మాత్రం అధికారి వైపు వంగి స్పానిష్‌లో ఇలా అన్నాడు:

"ముందు ముందు రాబోయేవాళ్ళదటండీ."

"అంటే ఇప్పటికి ఎవరిదీ కాదన్నమాట" అని అధికారి నవ్వుతూ రాసుకున్నాడు. తాత బొటనవేలిని సిరాలో ముంచి కాగితం మీద ఒత్తించారు.

గుంపులో ఒకే ఒక్క మనిషికి ఆ మాట అర్థమైంది. నికాసియా పెళ్ళికి ముందు ఆరేళ్ళు పేటలో భూస్వామి దోన్ బెలిసారియో ఇంట్లో అంట్లు తోమింది. ఆ ఇంట్లోనే స్పానిష్ నేర్చింది. భోజనాల దగ్గర ఒకసారి ఆ భాషలో జవాబు చెప్పినందుకు దొరసాని కాలిన గరిటె తెచ్చి పెదవి మీద పెట్టింది. ఆ మచ్చ ఇంకా ఉంది. 'తప్పు, ఆయన అన్నది అది కాదు' అని అరవడానికి నికాసియా నోరు తెరిచింది. మచ్చ సర్రున లాగింది. వీపున కట్టుకున్న పిల్లను సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. అంతే, బల్ల ఎత్తేశారు. దాన్ని కిందికి మోసింది కూడా ఊరివాళ్ళే.

నెల తిరక్కుండా కబురొచ్చింది. కొండవాలు, దుంపచేలు, గొర్రెలు మేసే బీడు, అన్నీ ఎవరూ లేని ఖాళీ నేలట. దోన్ బెలిసారియోకు రాసిచ్చేశారట. కావాలంటే ఊరివాళ్ళు ఆయన కిందే చాకిరీ చేసుకుంటూ గుడిసెల్లో ఉండొచ్చట.

మధ్యాహ్నం కళ్ళం దగ్గర ఊరంతా చేరింది. నికాసియా లేచి జరిగింది చెప్పేసింది. చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోయింది.

"విని నోరు మూసుకున్నావా?" అని మెల్చోర్ మీదికొచ్చాడు. తగరం గనిలో ఎనిమిదేళ్ళు పనిచేసి, దగ్గు ఒక్కటే సంపాదించుకొచ్చిన మనిషి అతను.

"దాన్నంటావేంట్రా?" ముసలి దొమింగ గయ్యిమంది. "బల్ల మోసిన గాడిదల్లో నువ్వు లేవూ?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వు నోట్లోనే చేదైపోయింది.

పోన్సియానో తాత తన బొటనవేలు చూసుకుంటున్నాడు. పగుళ్ళలో సిరా ఇంకా పోలేదు. "నా మాటేనా ఊరిని ముంచింది?" అన్నాడు.

మెల్చోర్ మెత్తబడ్డాడు. "నీ మాట కాదు తాతా. నువ్వు ఏం చెప్పినా వాళ్ళు అదే రాసేవాళ్ళు. ఖాళీ నేలన్న మాట వాళ్ళు పట్నం నుంచే పట్టుకొచ్చారు. గనిలో మేం చూడలేదా? అర్జీ ఒక్కడిస్తే చింపి మొహాన కొడతారు. పోతే అందరం పోవాలి."

"పోతే మాత్రం ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరెందుకు పోవడం?"

"ఇంట్లో కూచుంటే ఇస్తారా?"

అరవై మంది రెండు రోజులు నడిచి పేట కచేరీకి వెళ్ళారు. గుమాస్తా గడప దాటనివ్వలేదు. నికాసియా ముందుకొచ్చి, "తప్పు రాశారండీ" అని స్పానిష్‌లో అంది. వాడు ఎగాదిగా చూశాడు. "ఎవరింటి పనిదానివే నువ్వు? మీ దొరసానికి కబురంపనా?" అన్నాడు. నికాసియా ఒక అడుగు వెనక్కి వేసింది. వాడికి సరదా పుట్టి కాగితం తీసి పైకి చదివాడు: ఈ నేల ఇప్పుడు ఎవరిదీ కాదు, రాబోయేవారిది. "మీ ముసలోడు చెప్పిందే కదా. వేలిముద్ర పడ్డాక మాట మారదు, పొండి!" అన్నాడు. తిరుగుదారి పొడుగునా 'రాబోయేవారిది' అన్న ఆ వాక్యం ఆమె చెవిలో గింగిర్లు తిరిగింది.

హద్దురాళ్ళు పాతేరోజు పన్నెండు తుపాకులతో సిపాయిలొచ్చారు. రాళ్ళు మోసుకొచ్చినవాళ్ళు దోన్ బెలిసారియో పాత పాలెంలోని కూలీలు. వాళ్ళూ ఐమారా జనమే. తలెత్తితే ఒట్టు.

"ఎవరి నేల్లో పాతుతున్నావన్నా?" అని మెల్చోర్ ఒకణ్ణి నిలేశాడు.

"నాదీ ఇలాగే పోయింది తమ్ముడూ" అన్నాడతను, రాయి దించుతూ.

పోన్సియానో తాత వెళ్ళి రాయి కోసం తవ్విన గోతిలో కూర్చున్నాడు. సమాధుల వైపు తిరిగి కూర్చున్నాడు. సిపాయిలు రెక్కలు పట్టి ఈడ్చారు, చేతులు కట్టి తాడు గుర్రం జీనుకు తగిలించారు. అడ్డం వెళ్ళిన మెల్చోర్‌ను తుపాకీ మడమతో కొడితే రెండు పళ్ళు ఊడి పడ్డాయి. రెండొందల మంది ఉన్నారక్కడ. ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. పట్నం జైలు దాకా ఆ ముసలి కాళ్ళు నడవలేవని అందరికీ తెలుసు. తెలిసి చూస్తూ నిలబడటం కన్నా నరకముంటుందా?

అప్పుడు నికాసియా సిపాయిల నాయకుడి గుర్రానికి అడ్డంగా వెళ్ళి నిలబడింది. మచ్చ సర్రున లాగినా ఆగలేదు.

"ఈ నేల రాబోయేవాళ్ళదని మీరే రాశారు."

పనివాళ్ళ నోట దొరల భాష విని అతను బిత్తరపోయాడు. "అయితే?"

"వచ్చాం."

"ఏమన్నావే?" అని వెనక నుంచి దొమింగ అడిగింది.

"వచ్చాం అన్నాను."

దొమింగ ఆ పరాయిమాటను బోసినోటితో వంకరటింకరగా పలికింది. సిపాయిలు పగలబడి నవ్వారు. పక్కనున్నవాళ్ళు పలికారు. వాళ్ళ పక్కవాళ్ళు పలికారు. నెత్తురు ఉమ్మేసి మెల్చోర్ పలికాడు. రెండొందల గొంతులు ఒక్కటయ్యేసరికి గుర్రాలు బెదిరి వెనక్కి తగ్గాయి. ఇక నవ్వులు వినపడలేదు.

"దీన్నీ కట్టండి!" అని నాయకుడు అరిచాడు.

తాడు బిగించేలోపే దొమింగ పిల్లను నికాసియా వీపు మీంచి విప్పి తన వీపుకు కట్టేసుకుంది. "నా దగ్గరుంటుందిలే, నువ్వు పో" అంది.

రాయి పాతనే పాతారు. నేల వెనక్కి రాలేదు. ఒకే గుర్రం వెనక ముసలాయన, పడుచుది నడుస్తున్నారు. కేక వాళ్ళ వెంబడే వస్తోంది.

"ఏమంటున్నారే అమ్మాయ్?" అని తాత ఆయాసపడుతూ అడిగాడు. ఆయనకు స్పానిష్ ముక్క రాదు.

"వచ్చాం అంటున్నారు తాతా."

తాత తల అడ్డంగా ఊపాడు.

"తప్పే. వచ్చినోళ్ళు వాళ్ళు. మనం ఉన్నోళ్ళం. ఉన్నాం అనమను."

తాడు గుంజుతోంది. ఆగితే పడిపోతుంది, వెనక్కి తిరిగి చూసే వీల్లేదు. నికాసియా నడుస్తూనే తల పైకెత్తి, గొంతు చిరిగేలా ఆ మాటను స్పానిష్‌లో అరిచింది.

వెనక కేక ఆగిపోయింది. గుర్రం డెక్కలు తప్ప ఏమీ వినపడలేదు. వాళ్ళకి అందలేదేమో అనుకుంది. దారి మలుపు తిరిగింది. అప్పుడు వాలు మీంచి, ముందు దొమింగ బోసిగొంతు, ఆ తర్వాత ఊరి గొంతు, కొత్తమాటను వంకరటింకరగా పట్టుకుని వాళ్ళ వెంట వచ్చాయి.

"ఉన్నాం."