అడ్మిషన్ల రోజులు

"సిరిని పిలుస్తున్రు టీచర్. కొత్తోళ్ళొచ్చిన్రు," అంది సారలమ్మ, ఏడో తరగతి గుమ్మంలో నిలబడి. నాచారంలోని ఆ స్కూల్లో ఆమె ఆయా. సిరి ఆమె కూతురే.

లెక్కల టీచరు ఉమ సిరివైపు చూసింది. తరగతి పుస్తకం సిరి దసరాకే పూర్తి చేసింది. అప్పటినుంచి పక్కవాళ్ళకు చెప్పడం, టీచరు రానినాడు ఆరో తరగతిని చూసుకోవడం, ఇదే ఆ పిల్ల చదువు. ఇవాళ ఉమ తొమ్మిదో తరగతి లెక్క ఒకటి ఇచ్చింది. సిరికి రాలేదు. కొట్టేస్తోంది, పెన్సిలు కొరుకుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. ఆ ముఖంలో అంత సంతోషం ఉమ ఎన్నడూ చూడలేదు.

"కాసేపాగు సారలమ్మా. ఇప్పుడే దారి దొరికింది దానికి."

"నేనాగుత టీచర్. సారాగడు గద!" కూతురివైపు తిరిగింది. "లే బిడ్డా. జర చెప్పి వద్దువుగాని."

"నిన్న గూడ గిట్లనే అన్నవు."

"అంట మరి. నువ్వు చెప్తేనే నీకు ఫీజు మాఫీ. మర్సినవా?"

సిరి లేచింది. ఉమ కూడా వెంట నడిచింది.

ఆఫీసులో అడ్మిషన్ కోసం మేడిపల్లి నుంచి వచ్చిన దంపతులు బాబును ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నారు. ప్రిన్సిపాల్ జగన్మోహన్ సిరి భుజం తట్టాడు.

"ఉప్పల్ రింగురోడ్డు ఫ్లెక్సీ మీదున్న పాప ఈ అమ్మాయేనండి. మా ఆయా కూతురు. ఆయా కూతుర్నే ఇంతదాన్ని చేశామంటే, మీ బాబు సంగతి ఆలోచించండి. నైంటీన్త్ టేబుల్ చెప్పమ్మా. రివర్సులో."

బాబు తండ్రి ఫోను తీసి వీడియో పెట్టాడు.

సిరి నోరు విప్పలేదు.

"సిగ్గండి," అని నవ్వాడు ప్రిన్సిపాల్.

"సిగ్గు గాదు సార్. అది నాకొచ్చు," అంది సిరి. "రానిదేమన్న ఉంటే చెప్పున్రి. నేర్సుకుంట."

ఆయన నవ్వు ఆగింది. ఉమ ఏదో అనబోయింది. ఆయన చూపు అప్పటికే తలుపు దగ్గరున్న సారలమ్మ మీదికి పోయింది.

"ఏం సారలమ్మా? వచ్చే ఏడు చదివించవా దీన్ని?"

సారలమ్మ కొంగు నిండుగా కప్పుకుని ముందుకొచ్చింది.

"నైంటీన్ టెన్ జా వన్ నైంటీ," అంది గట్టిగా. ఆ తలుపు దగ్గర నిలబడి ఎన్ని రోజులు విన్నదో, ఒక్క అక్షరం పోలేదు. "నైంటీన్ నైన్ జా వన్ సెవంటీ వన్..."

బాబు తండ్రి ఫోను ఆమె వైపు తిప్పాడు.

"వద్దమ్మా," సిరి తల్లి చెయ్యి పట్టి గుంజింది. "నువ్వు చెప్పకే!"

సారలమ్మ కూతురిని చూడలేదు. ప్రిన్సిపాల్‌నే చూస్తూ తర్వాతిది అందుకుంది.