మడతలు

పెద్ద దుప్పటిని చిన్న బకెట్టులో నానబెడుతుంటే తెలిసింది, మెదడుకు అన్ని మడతలు ఎందుకో. పరిస్తే మంచమంతా వచ్చే దుప్పటి, కుక్కితే ముడుచుకుని అంత చోటులోనే పట్టేసింది. సబ్బు చేతులతోనే నవ్వుకున్నాను. సైన్స్ ప్రదర్శనకు మెదడు బొమ్మ వేస్తున్నాను. ఆ మడతలు ఎందుకున్నాయో మా పుస్తకంలో లేదు.

వెంటనే అన్నయ్యకు చెప్పాను. వాడు ఒక ఏడాది తప్పి నా తరగతిలోనే ఉన్నాడు. మా బడిలో బొమ్మలు అమ్మాయిలు వేస్తారు, పక్కన నిలబడి అబ్బాయిలు వివరిస్తారు. ఈసారి నేనే వివరిస్తే, పదో తరగతి అయ్యాక సైన్స్‌లో చేర్చమని నాన్నను అడిగే ధైర్యం వస్తుందనుకున్నాను.

"మాస్టారూ, నేను చెప్పనా?"

"నీ మాట నీకే వినపడదు కదమ్మా! నువ్వు రంగులు చూసుకో."

ప్రదర్శనకు వచ్చిన పెద్దాయన మడతల గురించే అడిగారు. అన్నయ్య దుప్పటి సంగతి గడగడా చెప్పేశాడు.

"భలే! ఎప్పుడైనా దుప్పటి ఉతికావా బాబూ?"

"లేద్సార్. ఊరికే ఆలోచించాను."

అందరూ నవ్వారు. మొదటి బహుమతి వాడికే. "బొమ్మ ఈ అమ్మాయి వేసింది సార్, చెయ్యి చాలా నీటు" అన్నారు మాస్టారు.

ఇంట్లో నాన్న వాడి భుజం తట్టి, "వీణ్ణి సైన్స్‌లో వేద్దాం" అన్నారు.

తలుపు పట్టుకుని నిలబడ్డాను. "ఆ దుప్పటి మాట నాది నాన్నా. నేనూ సైన్సే చదువుతాను."

"దుప్పట్లు ఉతికినవాళ్లంతా శాస్త్రవేత్తలైతే, మీ అమ్మ ఈపాటికి ఎక్కడుండేదే? వాడిది బుర్ర, నీది చెయ్యి. కుట్టుపని నేర్చుకో."

అన్నయ్య ఒక్క మాట అంటే చాలు. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. తన మాటకు నాన్నే నవ్వారు. అమ్మ ఆయన కంటే ఎక్కువసేపు నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఆమె మొహం చూడలేకపోయాను.

చెయ్యి తనంతట తానే గీస్తుందా? ఒక్కో మడత దగ్గర ఆగి, ఇది ఇటే ఎందుకు తిరిగింది అని అడిగిందెవరు? గీస్తుంటేనే కదా ప్రశ్న పుట్టింది, ప్రశ్న పుట్టాకే కదా గీత కుదిరింది. ఉన్న ఒక్కదాన్నీ రెండుగా కోసి, చెరొకటీ పంచేశారు.

మర్నాడు మాస్టారు ఇంకో చార్టు ఇచ్చారు. గుండె బొమ్మ. రక్తం ఎటు నుంచి వస్తుందో, ఎందుకు అటే పోతుందో ఈసారి ఆలోచించకూడదనుకున్నాను. ఆలోచన వచ్చినప్పుడల్లా పెన్సిలు ఎత్తేశాను. అది పోయాక మళ్లీ గీశాను.

మాస్టారు చార్టును వెలుతురులో పెట్టి చూసుకుని మురిసిపోయారు.

"ఇదివరకటి కంటే బాగా వచ్చిందే!"