మనిషి కూర్చున్న బండి

వెర్లీన్ టగుల్ కారు బాగుచేయించుకోవడానికి ఆ కారునే తాకట్టు పెట్టింది. ఇందులో తెలివితక్కువతనం ఉందంటారా, ఆ తెలివితక్కువతనం ఆల్బనీ ఊళ్లో సగం మందికి ఉంది కాబట్టి దాన్ని ఆచారమనాలి. గేర్‌బాక్సు పోయింది. అది లేకపోతే కారు కదలదు. కారు కదలకపోతే పొద్దున్న ఆరింటికి బైపాసు అవతల ముసలివాళ్ల ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి వెళ్లడం కుదరదు. ఆ వేళకు బస్సు లేదు. ఆ వేళకు పనికి వెళ్లేవాళ్లకు బస్సు అక్కర్లేదని ఊరిపెద్దలు ఎప్పుడో తేల్చేశారు.

అందుకని బండి కాగితాల మీద అప్పులిచ్చే పసుపు బోర్డు కొట్టుకు వెళ్లి, కారు కాగితం వాళ్ల చేతిలో పెట్టి, ఏడువందల డాలర్లు తెచ్చుకుంది. కాగితం వాళ్ల దగ్గర, కారు మన దగ్గర. వడ్డీ నెలకు నూట అరవై ఎనిమిది. పదకొండు నెలలు తప్పకుండా కట్టింది. ఇంకెంత ఉందమ్మా అని అడిగితే అద్దం వెనకున్న పిల్ల కంప్యూటరులో చూసి, ఎంతో మర్యాదగా, "ఏడువందలండీ" అంది.

పన్నెండో నెలలో ఆసుపత్రివాళ్లు పనిగంటలు తగ్గించారు. రెండు నెలల వడ్డీ ఆగింది. నలభై డాలర్లు పట్టుకుని వెళితే, మొత్తం అయితేనే పుచ్చుకుంటామన్నారు. ఆ తరువాత ఉత్తరం వచ్చింది. బండి ఎక్కడ కనబడితే అక్కడినుంచి ఎత్తుకుపోతామని దాని సారాంశం. సరిగ్గా అప్పుడే పనిగంటలు మళ్లీ పెరిగాయి, అదనపు షిఫ్టులు కూడా దొరికాయి. ఒక నెల ఇంటద్దె ఆపి, వచ్చే రెండు జీతాలు కలిపితే అసలూ వడ్డీ ఒక్కసారే పారేయవచ్చు. కావలసిందల్లా ఆ రెండు జీతాలు పడేదాకా కారు నిలవడం. కారు పోతే పని పోతుంది, పని పోతే జీతం లేదు. వెర్లీన్ ఆ లెక్క వేసుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఆమెతో ఉండేది పెద్దమ్మ ఒథెల్లా. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఏడుపు పూర్తయ్యేదాకా ఊరుకుని, పక్కింటి మంగలి పర్విస్‌ని పిలిపించింది. పర్విస్‌కి ఈ వ్యవహారంలో చట్టమంతా కంఠతా వచ్చు. మూడు కార్లు పోగొట్టుకుని నేర్చుకున్న చదువు మరి.

"తాళం వేసిన షెడ్డులో ఉంటే వాళ్లు ముట్టుకోకూడదు," అన్నాడు పర్విస్. "రాత్రిళ్లు నా షెడ్డులో పెట్టుకోండి, తాళం నేనిస్తా. పగలే చిక్కు. అయితే ఒకటి, లోపల మనిషి కూర్చుని ఉంటే బండి ఎత్తకూడదు. మనిషితో సహా లాక్కుపోతే అది దౌర్జన్యం కింద లెక్క."

"కూర్చుంటే చాలా?" అంది పెద్దమ్మ.

"కూర్చుంటే చాలు అక్కా. గొడవపడక్కర్లేదు, అరవక్కర్లేదు."

"ఇంకేం. నేను నేర్చిన విద్య అదొక్కటే."

పెద్దమ్మ చెప్పింది నిజమే. ఇరవయ్యో ఏట ఆమె, మరో ఐదుగురు ఆడపిల్లలు మందుల దుకాణంలో, నల్లవాళ్లను కూర్చోనివ్వని తెల్లవాళ్ల కాఫీ బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ ఇవ్వలేదు, లేవమన్నారు, వీళ్లు లేవలేదు. పోలీసులు కుర్చీతో సహా ఎత్తుకుపోయి పదకొండు రోజులు జైల్లో పెట్టారు. ఆ రోజు కూర్చున్నందుకు ఇప్పుడు ఏ బల్ల దగ్గరైనా కాఫీ ఇస్తారు. కాఫీకి డబ్బులు ఎవరిస్తారన్నది మాత్రం అప్పుడెవరూ అడగలేదు. అలాంటి మనిషిని ఈ వయసులో ఒక పాత బ్యూక్ కారు కోసం ఎండలో కూర్చోబెట్టడానికి వెర్లీన్‌కు సిగ్గేసింది. ఆ మాట పైకి అనేసింది కూడా.

"సిగ్గు వాళ్లకుండాలి," అంది పెద్దమ్మ. "నాకు మెత్తని దిండొకటి చూడు."

సోమవారం నుంచి మొదలైంది. ఆసుపత్రి వెనక ఒక పెకాన్ చెట్టు ఉంది. దాని నీడలో నీలం బ్యూక్, అందులో ముందు సీట్లో పెద్దమ్మ. ఒళ్లో ఉడకేసిన వేరుశెనక్కాయల సంచీ, చేతిలో శవపేటికల కంపెనీవాళ్లు చర్చిలో పంచిన అట్ట విసనకర్ర. పదింటికి వెర్లీన్‌కు పావుగంట విరామం. అప్పుడామె వచ్చి సీట్లో కూర్చుంటే, పెద్దమ్మ లోపలికి వెళ్లి కాలకృత్యాలు చూసుకుని వస్తుంది. ఖజానా కాపలాకైనా ఇంత క్రమశిక్షణ ఉండదు.

తొమ్మిదింటికల్లా, బాకీపడ్డవాళ్ల బండ్లను కొక్కేనికి తగిలించి లాక్కుపోయే ఎర్రరంగు ఈడ్పు లారీ వచ్చి ఎదురుగా ఆగింది. దిగినవాడి పేరు లోనీ స్టబ్స్. నలభై దాటిన మనిషి, పొట్ట ముందుకొచ్చింది, టోపీ మాసింది. అతను అన్న మాటలు, తను అన్న మాటలు పెద్దమ్మ సాయంత్రం దారిపొడుగునా అప్పజెప్పింది.

"అమ్మా, కాస్త దిగుతారా?" అన్నాడట.

"ఎందుకు నాయనా?"

"ఈ బండి తీసుకెళ్లాలి."

"తీసుకెళ్లు. నన్నూ తీసుకెళ్లు. బజార్లో పనుంది నాకు."

"మీరుంటే కుదరదమ్మా."

"అయితే బజారు పని రేపు చూసుకుంటాలే. నువ్వు లూలా స్టబ్స్ మనవడివి కాదూ? ఆ ముక్కు చూస్తే తెలుస్తోంది. మీ మామ్మ ఎంత మర్యాద గల మనిషి. ఆవిడుంటే నిన్నీ పని చెయ్యనిచ్చేదా?"

లోనీ లారీలోకి వెళ్లి కూర్చున్నాడు. ముసలావిడ ఎంతసేపని కూర్చుంటుందిలే అనుకున్నాడు. పాపం, కాఫీ బల్ల సంగతి అతనికి తెలియదు. మంగళవారం వచ్చాడు, బుధవారం వచ్చాడు. బుధవారం వేరుశెనక్కాయలు పుచ్చుకున్నాడు. గురువారం తనే రెండు సీసాలు చల్లటి సోడా పట్టుకొచ్చాడు.

ఆ గురువారం పదింటికి వెర్లీన్ వచ్చి సీట్లో కూర్చుంది. పెద్దమ్మ లోపలికి వెళ్లింది. లోనీ లారీ దిగి వచ్చి, కారు కిటికీ మీద మోచెయ్యి ఆన్చి, కాయలు ఒలుస్తూ తన గోడు వెళ్లబోసుకున్నాడు.

"బండికి నూరు డాలర్లు ఇస్తారు. ఎత్తకపోతే సున్నా. నాలుగు రోజులయింది మీ సున్నా చుట్టూ తిరుగుతూ. నాకు మాత్రం ఇల్లూ వాకిలీ లేవా?"

"మమ్మల్ని అడుగుతారేంటి? నేను పంపానా మిమ్మల్ని?" అంది వెర్లీన్. దుప్పట్ల ఆవిరికి ఆమె మొహం అప్పటికే మండుతోంది. "పదకొండు నెలలు కట్టాను. తీసుకున్నదానికి రెండింతల పైన కట్టాను. ఆ కొట్టుకెళ్లి వాళ్ల కుర్చీలు ఎత్తుకుపోండి, నేనూ ఓ చెయ్యి వేస్తాను."

లోనీ ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. వీధిలోంచి తెల్లని ఈడ్పు లారీ ఒకటి వెనక్కి వచ్చి, అతని ఎర్ర లారీ ముందు నిలిచింది. తెల్లగడ్డం లావుపాటి మనిషి దిగి, గొలుసు వేసి, కొక్కెం తగిలించాడు. లోనీ నోట్లో కాయలు నములుతూనే చూశాడు.

"పనివాడంటే అలా ఉండాలి," అన్నాడు మెచ్చుకోలుగా. "నిమిషన్నర పట్టలేదు చూశారా. పట్టు కూడా ఎక్కడ వెయ్యాలో అక్కడే..."

ఎత్తింది తన లారీనే అని అప్పుడు బుర్రకెక్కింది. అతను కేక వేసి పరుగెత్తేసరికి లారీ వెనక లారీ మలుపు తిరిగిపోయింది. లోనీ మలుపుదాకా పోయి, ఒట్టి చేతులతో నడిచి వచ్చాడు.

"మీ లారీ కాగితం కూడా పసుపు కొట్టులోనేనా?" అంది వెర్లీన్.

"అక్కడే. పోయిన ఏడాది కొక్కెం విరిగింది. కొక్కెం లేకపోతే పని లేదు కదా."

వెర్లీన్‌కు నవ్వొచ్చింది. నవ్వింది కూడా, కడుపుబ్బా. నాలుగు రోజులుగా ఆ ఎర్ర లారీని చూస్తే ఆమెకు అన్నం సయించలేదు. ఇంతలో పెద్దమ్మ వచ్చింది. సంగతి విని ఆవిడ నవ్వలేదు.

"లారీలో నువ్వెందుకు కూర్చోలేదు నాయనా?" అంది.

"నా బండిని ఎత్తుతారని నేననుకోలేదమ్మా."

"ఎవరనుకుంటారు. వెనక ఎక్కు. రెండింటికి దీని పని అయిపోతుంది, ఆ కొట్టు దగ్గర దింపుతుంది."

దింపడమా అని వెర్లీన్ మనసులో విసుక్కుంది. కానీ పెద్దమ్మ మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. రెండింటికి ముగ్గురూ బయల్దేరారు. పర్విస్ చూస్తే ఏమంటాడోనని వెర్లీన్ చుట్టుదారిలో వెళ్లింది.

పసుపు కొట్టు ముందు కారు ఆపాక, తనూ లోనీ వెంట లోపలికి వెళ్లింది. మొదటి జీతం పడింది కదా, రెండు నెలల వడ్డీ అయినా తీసుకుంటారేమో అడిగి చూద్దామని ఆశ. పెద్దమ్మను కారులోంచి కదలొద్దని మరీ మరీ చెప్పింది. అద్దం వెనక ఉన్న పిల్ల కొత్తది, వెర్లీన్‌ని ఎరగదు. లోనీని మాత్రం పేరుపెట్టి పలకరించింది.

"మీ బాకీ నాలుగువందల పది అండీ. పైగా లారీ ఈడ్చినందుకు రెండువందలు."

"నా లారీ ఈడ్చినందుకు నేను కట్టాలా?"

"రూలు అదేనండీ. మీరు ఎత్తిన వాళ్ల దగ్గరా అంతే వసూలు చేస్తాం కదా," అంది పిల్ల. నవ్వుతూనే ఇంకో మాట చెప్పింది. "మేనేజరు గారు ఒక సంగతి మీకు చెప్పమన్నారు. మీకు ఎత్తమని అప్పజెప్పిన ఆ నీలం బ్యూక్ ఉంది చూడండి, ఎవరో ముసలావిడ అందులో కాపురం పెట్టిందట. అది ఇవాళ తెచ్చిస్తే మీ బాకీ కొట్టేసి, లారీ ఇచ్చేస్తారు."

 వెర్లీన్ వెనక్కి తిరిగి తలుపు అద్దంలోంచి బయటికి చూసింది. నీలం బ్యూక్ కొట్టు వాకిట్లోనే ఉంది. దానిలో ఎవరూ లేరు. ఎండ తాళలేక పెద్దమ్మ దిగి, పక్క లాండ్రీ పంచన బల్ల మీద కూర్చుని విసురుకుంటోంది. నాలుగు రోజుల్లో కారు ఖాళీగా ఉన్నది ఈ ఒక్క నిమిషం, అదీ ఈ గుమ్మంలో. వాళ్లు లారీ కూడా తేనక్కర్లేదు, లోనీ చెయ్యెత్తి చూపిస్తే చాలు.

లోనీ కూడా బయటికి చూశాడు. అతను చూడడం వెర్లీన్ చూసింది.  తాళంచెవులు ఆమె పిడికిట్లో గుచ్చుకుంటున్నాయి.  పొద్దున్న అతన్ని చూసి నవ్వకుండా ఉండాల్సిందనుకుంది.

"ఆ బండి దొరకదమ్మాయ్," అన్నాడు లోనీ. "అందులో ఎప్పుడూ మనిషి ఉంటారు. ఎప్పుడూ."

"ప్రయత్నించి చూడండి. బాగా ఆలోచించుకోండి, సాయంత్రం దాకా టైముంది."

"ఆలోచించాను," అన్నాడు. తలుపు తోసుకుని బయటికి నడిచాడు. తిన్నగా వెళ్లి, బ్యూక్ తలుపు తీసి, ముందు సీట్లో పెద్దమ్మ దిండు మీద కూర్చుని తలుపు వేసుకున్నాడు.

వెర్లీన్ వడ్డీ మాటే ఎత్తకుండా బయటపడింది. పెద్దమ్మను వెనక ఎక్కించుకుని నాలుగు వీధులు దాటింది. ఆమె కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. ఈసారి ఏడుపు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"మీ లారీ ఉన్నపళాన వచ్చేసేది కదా," అంది తల ఎత్తకుండానే.

"వచ్చేది అక్కా. ఏడాదిగా అదే చేస్తున్నా, ఇంకోళ్ల బండి ఇచ్చి నా బండి నిలుపుకోవడం." అతను విసనకర్ర తీసుకుని మొహం విసురుకున్నాడు. "ఈ కారులో ఇంత ఉక్కేమిటి? మనిషన్నవాడు కూర్చోగలడా?"

"నేను కూర్చున్నాను," అంది వెనకనుంచి పెద్దమ్మ.

మరునాటికి పెద్దమ్మ మోకాళ్లు వాచిపోయాయి. ఆవిడ దిగులుపడింది కానీ, తెల్లారేసరికి పర్విస్ షెడ్డు ముందు లోనీ నిలబడి ఉన్నాడు. లారీ లేదు, పని లేదు, ఖాళీయే కదా అన్నాడు. పర్విస్ అతన్ని కిందనుంచి మీదిదాకా చూశాడు. తన రెండో కారు ఎత్తుకుపోయినవాడు ఇతనే.

"దొంగ చేతికి తాళంచెవి అంటే ఇదేనమ్మా," అని గొణుక్కుంటూ షెడ్డు తెరిచాడు.

అలా లోనీ ఏడు రోజులు కూర్చున్నాడు. బహు నికరంగా కూర్చున్నాడు. సీటు వెనక్కి వాల్చకూడదట, వాల్చి నిద్రపోతే బండి ఖాళీగా ఉందనుకున్నామని తరువాత బుకాయిస్తారట. ఒక అద్దం ఎప్పుడూ దించి ఉంచాలట. ఈ మెళకువలన్నీ కారు ఎత్తేవాళ్లకు తప్ప ఇంకెవరికి తెలుస్తాయి. రెండో జీతం ముందురోజు వెర్లీన్ పదింటికి బయటికి వచ్చేసరికి బ్యూక్ ఎదురుగా తెల్లని ఈడ్పు లారీ ఉంది. లోనీ లారీని తీసుకుపోయిన తెల్లగడ్డం మనిషే దాన్లో కూర్చున్నాడు. ఇద్దరూ కిటికీల్లోంచి మాట్లాడుకుంటున్నారు.

"నువ్వు నా లారీని ఎత్తిన పద్ధతి బాగుంది," అంటున్నాడు లోనీ.

"ముప్ఫై ఏళ్లుగా ఇదే పని బాబూ. నువ్వు దిగితే ఇదీ బాగానే ఎత్తుతా."

"దిగను. ఇంతకీ నీ లారీ కాగితం ఎక్కడుంది పెద్దాయనా?"

 ఆ మనిషి స్టీరింగు మీదున్న చేతులు తీయలేదు. అద్దంలో ఒకసారి వెనక్కి చూసుకున్నాడు, వీధి చివరిదాకా చూసుకున్నాడు. పెద్దమ్మ పంపిన వేరుశెనక్కాయల సంచీ లోనీ కిటికీలోంచి పైకెత్తి చూపించాడు.

"తింటావా? ఇంకా వెచ్చగానే ఉన్నాయి. వచ్చి తీసుకో."

"తింటాను," అన్నాడు ముసలాయన. "నువ్వే విసురు."

సగం కాయలు రోడ్డు మీద పడ్డాయి. పడినవాటి కోసమైనా ఆయన లారీ దిగలేదు.