తెలుగులో ఎత్తిన పాట

బువ్వ తిని మళ్ళీ మడిలోకి దిగేసరికి సుక్కి నడుము మొండికేసింది. అయినా వంచింది. యాసంగి వరినాట్ల చలి నీళ్ళు ఎముకల్లోకి దిగుతున్నాయి. నారు ముదిరిపోయింది, కాలువ నీళ్ళ వంతు ముగియబోతోంది, నిడమనూరు చుట్టుపక్కల కూలీలు దొరకడం లేదు. అందుకే ప్రభాకర్ పటేలు రోజుకు ఆరు వందలు, ఆటో కిరాయి తనదే అని చెప్పి తండా ఆడవాళ్ళను తెప్పించాడు. లేకపోతే సుక్కి ముఖం చూడాల్సిన ఖర్మ ఆయనకేం పట్టింది?

కిందటి వారం ఇదే మడి ఒడ్డు మీద ఆయన కొడుకు శ్రీకాంత్, సుక్కి కూతురు ప్రవళిక చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల విడిపించుకుని తిట్టింది. వాడు పార తిరగేసి కామతో ముఖం మీద కొట్టాడు. ఎడమ కన్ను ఇక రాదని మిర్యాలగూడ దవాఖానలో చెప్పారు.

పక్కన నారు పీకుతున్న ఈ తండా ఆడవాళ్ళంతా చూశారు. పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దమనుషులు కూర్చుంటే ఆడదానికి ఒరిగేదేముంది? పిల్ల బండి మీది నుంచి పడ్డదని తేల్చారు. సుక్కి మొగుడు దీప్లా కూడా సరేనని తలూపి వచ్చాడు. ఆడవాళ్ళను అడిగితే ఒకటే మాట: "వంగి ఉన్నం. మాకు కానరాలే."

కానీ దవాఖాన నుంచి పోలీసులకు కబురు పోయింది; రేపు ఎస్సై తండాకు వస్తాడు. ఆయనకూ అదే చెబితే కేసు ఖతం.

సుక్కి కూలి కోసం వచ్చిందని అందరూ అనుకున్నారు. మందులు కొనాలి, అదీ నిజమే.

"సుక్కీ, పాటెత్తవేందే?" ఒడ్డు మీద గొడుగు కింద నుంచి ప్రభాకర్ అరిచాడు. "చేతులు ఆడ్తలేవు. పొద్దుగూకినంక ఏస్తరా నాటు?"

ఆ మాట అబద్ధం కాదు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకున్నప్పుడే చేతులన్నీ ఒక్కసారి బురదలోకి దిగుతాయి. ఈ ముఠా సుక్కి గొంతు లేకుండా ఏనాడూ నాటు వేయలేదు.

పాట ఎప్పుడూ తండా భాషలోనే, అది పటేలుకు రాదు. పటేలు బొజ్జనూ బట్టతలనూ పిసినారితనాన్నీ ఆయన ఎదుటే పాడి నవ్వుకుంటారు. మంచిగుంది, మంచిగుంది అని ఆయన తలూపుతాడు.

"బట్టతల పాటెత్తు అక్కా," పక్కనున్న రుక్మాబాయి మెల్లగా అంది. "జర నవ్వుకుందం."

"నవ్వినకాడికి సాలు," అంది సుక్కి.

ఎత్తుకుంది. తెలుగులో.

"ఈ ఒడ్డు మీదనే ఉయ్యాలో..."

అలవాటుగా అందుకున్నారు. చేతులు దిగాయి.

"ఆడపిల్ల నిలవడ్డది ఉయ్యాలో..."

అందుకున్నారు. గొంతులు తగ్గాయి. ప్రభాకర్ ఫోన్‌లోంచి తలెత్తాడు.

"పార కామతోని కొట్టిండు ఉయ్యాలో..."

ఇద్దరో ముగ్గురో అందుకున్నారు.

"ఏం పాటే అది?" అన్నాడు ప్రభాకర్.

రుక్మాబాయి సుక్కి కొంగు పట్టి లాగింది. "వద్దక్కా, పేరెత్తకు. నా కొడుకు ఆయన మిల్లులనే చేస్తున్నడు."

"నీ కొడుక్కు రెండు కండ్లున్నయి," అంది సుక్కి. కొంగు గుంజుకుంది.

"కొట్టినోడు శ్రీకాంత్ ఉయ్యాలో... పటేలు కొడుకు శ్రీకాంత్ ఉయ్యాలో..."

ఎవరూ అందుకోలేదు.

ఇంతే అనుకుంది సుక్కి. చూసినవాళ్ళు చూడలేదన్నారు, విన్నవాళ్ళు వినలేదంటారు. వాళ్ళ మీద ఆశ పెట్టుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ప్రభాకర్ గొడుగు పారేసి ఒడ్డు అంచుకు వచ్చాడు. "గెట్టు దాటు నువ్వు! నడువ్ ఇంటికి! ఇగ దీని పాట ఉండది. మీరు ఎయ్యున్రి నాటు."

రుక్మాబాయి వేళ్ళ మధ్య నాలుగు మొక్కలు వేరుచేసి పట్టుకుంది. చెయ్యి నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది. వరుసలో అన్ని చేతులూ అలాగే ఆగి ఉన్నాయి.

"ఎయ్యున్రి అంటున్న గదా!"

"మేం గా పాట అందుకోలే పటేలా," అంది రుక్మాబాయి, తలెత్తకుండానే. "మేం ఏమన్లే."

"అనలేదు గదా! ఎయ్యి మరి!"

రుక్మాబాయి చేతిలోని మొక్కలను నీళ్ళలో వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని మెల్లగా నడుమెత్తింది. ఆమె పక్కామె ఎత్తింది. తర్వాత ఇంకొకామె.

విడిచిన నారు నీళ్ళ మీద తేలుతోంది. ప్రభాకర్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒక్కరూ పలకలేదు. ఒక్కరూ మళ్ళీ వంగనూ లేదు.